చక్రం మీద మసి – మన చేతులు



విశాఖ కార్ వాష్ సెంటర్లలో పని చేసుకుంటూ చదువుకుంటున్న మన పాడేరు, అరకు, చింతపల్లి తమ్ముళ్ల కోసం ఈ పోస్టు. మేము నలుగురం కూడా డిగ్రీ చదువుతూ ఆ పనే చేస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఘాట్ దిగి వచ్చిన కారు చూడగానే తెలిసిపోతుంది. బాడీ మీద ఎర్రమట్టి, ముందు చక్రాల మీద నల్లమసి. మట్టి ప్రెషర్ నీళ్లకే పోతుంది, మసి పోదు. ఎందుకంటే అందులో ఎక్కువ ఉండేది ఇనుము. బ్రేకు నొక్కినప్పుడల్లా ప్యాడ్, డిస్క్ రెండూ అరిగి సన్నటి పొడి రాలుతుంది. చిన్న గేరులో దిగకుండా బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే ఆ పొడి వేడివేడిగా వచ్చి చక్రానికి అతుక్కుంటుంది. తర్వాత తేమ తగిలి తుప్పు పట్టి, పైపూతలోకి పాతుకుపోతుంది. బ్రేకు వేస్తే బండి బరువు ముందుకు పడుతుంది కాబట్టి ముందు చక్రాలకే మసి ఎక్కువ.

"ఏటిరా, ఇంకా నల్లగానే ఉంది?" అని కస్టమర్ అంటే, ఓనరు యాసిడ్ డబ్బా చూపిస్తాడు. అసలు చెప్పాల్సింది ఇక్కడే. మేము చేరిన సెంటర్లో ఆ డబ్బాకి లేబుల్ లేదు, మాకు గ్లౌజులు లేవు. అడిగితే "కొండోళ్లు గట్టోళ్లు, మీకేటీ అవ్వదు" అన్నారు.

చర్మానికి కొండ, పల్లం తేడా ఉండదు. చక్రాలకి వాడే కొన్ని యాసిడ్లలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. పలచగా ఉంటే తగిలిన వెంటనే మంట పుట్టదు. గంటల తర్వాత నొప్పి మొదలయ్యేసరికి లోపలికి దిగిపోయి ఉంటుంది, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. తగిలిందని అనుమానం వస్తే ధారగా నీళ్లతో కడుక్కుని, నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా ఫోటో చూపించండి. దానికి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తారు.

మసి పోవడానికి యాసిడే అక్కర్లేదు. ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది. చక్రం చల్లారాక నీళ్లతో తడిపి స్ప్రే చేస్తే ఇనుముతో కలిసి ఊదారంగులో కారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, గాలి ఆడే చోటే కొట్టాలి. నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే మెత్తటి బ్రష్షుతో రుద్ది కడగాలి. ఒక్కో చక్రం విడిగా చెయ్యాలి. ఇంకా మిగిలితే రెండోసారి కొట్టాలి గానీ స్టీల్ పీచు పెట్టొద్దు, గీతలు పడతాయి. దీనికి కూడా గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాల్సిందే. పొడి మసిని ఎయిర్ గన్‌తో ఊదొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపాకే ముట్టుకోండి.

ఒక్కడు అడిగితే నవ్విన ఓనరు, నలుగురం కలిసి అడిగితే మర్నాడే గ్లౌజులు తెచ్చాడు. యాసిడ్ డబ్బా మాత్రం ఇంకా మూలనే ఉంది. మేము దాన్ని ముట్టుకోవడం లేదు. రేపు పనికి వెళ్లగానే మీ సెంటర్లో డబ్బా మీద ఏం రాసుందో చూడండి. ఏమీ రాసి లేకపోతే మూత తియ్యకండి. అడగడానికి భయమేస్తే మాకు చెప్పండి, కలిసి వచ్చి అడుగుదాం.