విప్పిన అలమర

విప్పడం అనే క్రియకు తెలుగులో ఒక మర్యాద ఉంది. ముడి విప్పినా, మూట విప్పినా, గొడుగు విప్పినా ఆ వస్తువు చెడిపోదు, మళ్ళీ కట్టుకోవడానికో మడుచుకోవడానికో వీలుగానే మిగులుతుంది. పెరకడం, ఊడబెరకడం, విరగ్గొట్టడం అనే మాటలకు ఆ పూచీ లేదు. అట్టపెట్టెలో పలకలుగా వచ్చి, ఇంట్లో మరలతో బిగిసి అలమరగానో మంచంగానో నిలబడే సామానును వాడుకలో ఫ్లాట్‌ప్యాక్ ఫర్నిచర్ అంటారు. ఇల్లు మారే రోజున దాన్ని విప్పుతారా, పెరుకుతారా అన్నదాని మీదే దాని మిగిలిన ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

ఈ ప్రశ్న తరచుగా తలెత్తే చోట్లలో హైదరాబాదులోని హఫీజ్‌పేట్ ఒకటి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైలు మార్గంలో లింగంపల్లి వైపు వెళ్తుంటే హైటెక్ సిటీ తరువాతి స్టేషను ఇదే కావడం వల్లా, కొండాపూర్, మదీనాగూడ, మియాపూర్ చేరువలోనే ఉండడం వల్లా ఐటీ ఉద్యోగులు ఇక్కడి అపార్టుమెంట్లలో అద్దెకు దిగుతారు, ఉద్యోగం మారినప్పుడో పిల్లల బడి మారినప్పుడో మకాం ఎత్తేస్తారు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నది కనుక అద్దె పత్రాలు మామూలుగా పదకొండు నెలలకే రాసుకుంటారు. పత్రం గడువు పదకొండు నెలలై, అలమర మాత్రం పదేళ్ళు నిలవాలని కొన్నదైనప్పుడు, ఆ అలమర జీవితంలో విడిపోవడం, కలవడం అనేవి ప్రమాదాలు కావు, రుతువుల్లాంటివి. 2018 ఆగస్టు 9న ఐకియా సంస్థ భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని హైటెక్ సిటీలో, సుమారు 4 లక్షల చదరపు అడుగుల భవనంలో తెరిచింది. బిగించుకోవడం ఎలాగో చెప్పే బొమ్మల పుస్తకాలు అప్పటినుంచి ఈ చుట్టుపక్కల ఇళ్ళ సొరుగుల్లోకి విరివిగా చేరాయి.

విడిభాగాలుగా ప్రయాణించే సామాను మాత్రం ఐకియాతో పుట్టినది కాదు. 1859లో మైఖేల్ థోనెట్ కార్ఖానా నుంచి వచ్చిన 14వ నంబరు కుర్చీ మొత్తం ఆరు కర్ర ముక్కలు, పది మరలు, రెండు నట్లు. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడి ఓడలెక్కేవి. దాదాపు వందేళ్ళ తరువాత, 1956లో, ఐకియా ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కారులో పట్టకపోతే కాళ్ళు ఊడదీసి పట్టించాడని, పలకల పెట్టె ఆలోచన అక్కడ మొదలైందని ఆ సంస్థ చెప్పుకుంటుంది. ఈ కథ ఒక కాలు విప్పడంతో మొదలవుతుందన్నది గుర్తుంచుకోదగిన సంగతి. తెలుగు ఇంటికి ఇంతకన్నా దగ్గర చుట్టం నులక మంచం: పట్టెల కొనలను కోళ్ళ బెజ్జాల్లో దూర్చి, మేకూ జిగురూ లేకుండా, అల్లిన తాడు బిగువుతోనే నాలుగు మూలలను నిలిపే ఆ పనితనంలో, తాడు సడలిస్తే చాలు మంచం తనంతట తానే విడిపోతుంది.

అయితే మంచం పట్టె గట్టి కర్ర, నేటి అలమర పలక కర్రపొట్టు. పార్టికల్ బోర్డు అంటే సన్నని కర్ర పేళ్ళను రెసిన్ అనే జిగురుతో కలిపి, వేడి మీద అదిమి చేసిన పలక. దాని పైపొరలు గట్టిగా, నడుమ భాగం గుల్లగా ఉంటాయి, పైన కర్ర రంగు అచ్చువేసిన పలచని కాగితమో ప్లాస్టిక్ పొరో అంటించి ఉంటుంది. టేకు చెక్కలో పొడవునా సాగే నార ఇందులో లేదు కాబట్టి, మర ఒకసారి కోసుకున్న గాడిని పాడుచేస్తే చుట్టూ ఉన్న పేళ్ళు దాన్ని మళ్ళీ పట్టుకోలేవు. నీరు దీనికి మరో శత్రువు: వానాకాలపు చెమ్మకు, రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డకు అలమర అడుగు అంచు ఉబ్బుతుంది, ఉబ్బిన అంచు ఎండినా పూర్వపు మందానికి రాదు, అక్కడి మరలు బిగుసుకుపోతాయి. కనుక విప్పేవారు మొదట చూడవలసినది పైభాగాన్ని కాదు, పాదాలను.

పలకకూ పలకకూ మధ్య కనిపించకుండా పనిచేసేది క్యామ్ లాక్, మన వడ్రంగులు మినీఫిక్స్ అని పిలిచేది. ఒక పలకలో మెడ సన్నగా ఉన్న మేకులాంటి బోల్టు నిలబడి ఉంటుంది. రెండో పలకలో ఒక గుండ్రని లోహపు బిళ్ళ కూర్చుని ఉంటుంది. బిళ్ళ లోపలి గాడి మధ్య నుంచి పక్కకు జరిగి ఉండడం వల్ల, దాన్ని సుమారు సగం చుట్టు తిప్పగానే బోల్టు తలను తనవైపు లాక్కుని రెండు పలకలనూ దగ్గరకు అదుముతుంది. విప్పేటప్పుడు జరిగే నష్టంలో చాలా వాటా ఇక్కడిదే. బిళ్ళ మీది బాణం గుర్తు బోల్టు వచ్చే అంచువైపు పూర్తిగా తిరగకముందే పలకను లాగితే, బోల్టు తల గాడిలో చిక్కుకుని ఉండి, లోహం గెలుస్తుంది, పొట్టు ఓడుతుంది. పలక అంచు పెచ్చుగా లేచి వస్తుంది. బిళ్ళ మెత్తని జింక్ మిశ్రమలోహం కాబట్టి చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పితే దాని గాడి అరిగిపోతుంది. ఐరోపా మరల తలలో కూడిక గుర్తు చేతుల మధ్య మరో నాలుగు సన్నని గీతలు కనిపిస్తే అవి పోజీడ్రైవ్ రకానివి. వాటికి వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోక జారుతుంది. కరెంటు డ్రిల్లు వేగం ఈ పనికి పనికిరాదు, మర ఎక్కడ బిగిసిందో మణికట్టుకే తెలుస్తుంది. బిళ్ళ వదులైన తరువాత కూడా లోపల చెక్క చీలలు, అంటే డోవెళ్ళు, పలకలను పట్టుకునే ఉంటాయి. పలకను అటూ ఇటూ ఊపకుండా, చీల ఉన్న దిశలోనే, రెండు కొనలనూ సమానంగా లాగాలి.

బిగించే పుస్తకాన్ని చివరి పేజీ నుంచి మొదటికి చదివితే చాలునన్న అభిప్రాయం సగమే నిజం. బిగించేటప్పుడు బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది. విప్పేటప్పుడు మొదటి మర దగ్గరే మొత్తం బరువు కీళ్ళ మీద ఉంటుంది. అందుకే సామాను ఖాళీ చేసి, గోడకు పట్టి ఉంచిన మరను తీసి, సొరుగులూ తలుపులూ కదిలే అరలూ ముందుగా తప్పించి, మిగిలిన డొల్లను ఇద్దరు పట్టుకుని పాత దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టాలి. నిలబడి ఉన్న అలమరలో ఒక పక్క పలకను విప్పితే రెండో పక్క బోల్టులే మొత్తం వాలును మోస్తాయి, అవి మోయలేవు. 2021లో ఐకియాయే బిల్లీ పుస్తకాల అలమర వంటి కొన్నిటికి విప్పే సూచనలను ప్రచురించింది. ఆ పని ఇంకా ముందే జరగవలసింది.

వెనక రేకులా మేకులతో కొట్టి ఉండే పలచని అట్ట చూడడానికి అల్పం, కానీ అలమర పక్కకు ఒరగకుండా కాపాడేది అదే. దాన్ని ఒక మూల పట్టి చీల్చకుండా, లోపలి నుంచి గుడ్డ చుట్టిన చెక్కముక్కతో అంచు వెంబడి మెల్లగా తట్టితే మేకులు వాటంతట అవే పైకి లేస్తాయి. అట్ట తీసిన క్షణం నుంచి డొల్లను ఎత్తకూడదు, ఉన్నచోటే విప్పాలి. బోల్టులను పలకల్లోనే వదిలి పాతగుడ్డ చుట్టడం మేలు, తీసిన కొద్దీ బెజ్జం పెద్దదవుతుంది. పలకల పేర్లు పొర లేని అంచు మీద పెన్సిలుతో రాయాలి. గోధుమరంగు ప్యాకింగ్ టేపు పొరకు అంటితే, ఊడేటప్పుడు ఆ రంగును వెంట తీసుకుపోతుంది.

కొత్త ఇంట్లో మరను పాత బెజ్జంలో పెట్టి వెంటనే కుడికి తిప్పకూడదు. ముందు ఎడమకు, మెల్లగా, ఒక చుట్టు తిప్పితే, పాత గాడి మొదలైన చోట మర కొద్దిగా కిందికి జారినట్టు వేళ్ళకు తెలుస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పితే అది కొత్త గాడి కోయకుండా తన దారినే పోతుంది. చట్రం నిలిచాక, వెనక అట్ట కొట్టడానికి ముందు, ఒక పురికొసతో ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్ళీ ఆ మూల నుంచి ఈ మూలకు కొలవాలి. రెండు కొలతలూ ఒక్కటయ్యేదాకా చట్రాన్ని అరచేత్తో నెట్టి, ఆ తరువాతే, పాత బెజ్జాలకు వేలెడు దూరంలో, మేకులు కొత్త చోట దిగాలి.