పుత్తూరు ప్రయాణము – వదినగారి మోచేయి

గత కార్తికమాసమున మా వదినగారికి కుడి మోచేతి వెలుపలి ప్రక్కను నొప్పి యారంభమయ్యెను. మొదట దానిని మేమెవ్వరమును లెక్కచేయలేదు. కొన్నాళ్లకు నీళ్లచెంబు ఎత్తబోయిన జాఱిపడుటయు, తడిగుడ్డ పిండబోయిన కన్నుల నీరు తిరుగుటయు చూచి మేలుకొంటిమి. మా యన్నగారు గతించిన పిదప ఆమె యింటనే కుట్టుమిషను పెట్టుకొని రవికలు కుట్టి, ఆ రాబడితో చిన్నపిల్లను కాలేజీలో చదివించుచున్నది. కత్తెర పట్టు చేయి పనికిరాకపోయిన ఆ చదువేమగునో యను దిగులు, నొప్పికంటె నెక్కువగా ఆమెను బాధించుచుండెను.

ఇంటి వైద్యములన్నియు జరిగినవి. ఆముదపాకు వెచ్చచేసి కట్టితిమి. నువ్వులనూనె కాచి మర్దనము చేసితిమి. మా యూరి వైద్యుడొకరు మోచేతిలో సూదిమందు వేసిరి. నెల దినములు ఆమె సుఖముగా కుట్టుకొనెను. పిదప నొప్పి మునుపటికంటె నెక్కువై తిరిగి వచ్చెను. రెండవ సూదిమందునకు రమ్మని వారు చెప్పగా వదినగారు జంకినది. ఇంతలో ఇరుగుపొరుగు అమ్మలక్కలు, “పుత్తూరు కట్టు కట్టించుకొనరాదా?” యని యొకే మాటగా చెప్పిరి. ఆ కట్టు పేరిట పలకలు అనేక పట్టణములలో కనబడుచుండును గదా. కట్టు పుట్టినచోటికే పోవుదమని మేమిద్దఱమును బయలుదేఱితిమి.

తెనాలిలో రాత్రి బండియెక్కి, గూడూరు మీదుగా తెల్లవాఱునప్పటికి రేణిగుంట చేరితిమి. అచ్చట అరక్కోణము పోవు బండిలోనికి మాఱితిమి. వదినగారు కిటికీప్రక్క కూర్చుండి, కుడిచేతిని ఒడిలో పసిబిడ్డవలె పెట్టుకొనెను. ఆ ప్రాంతపు కొండలు చూడముచ్చటయైనవి. వానిలో నొకదాని శిఖరము మనుష్యుని ముక్కువలె నుండుటచే దానికి ‘నగరి ముక్కు’ అని పేరు. పూర్వము సముద్రముమీద పోవు నావికులకు ఆ కొండ గుఱుతుగా నుండెడిదట. ప్రక్క సీటులోని ముసలమ్మ యొకతె వదినగారి చేయి చూచి, “ఎముకా, నరమా?” యని యడిగెను. ఆ ప్రశ్నకు మావద్ద ఉత్తరము లేకపోయెను.

పుత్తూరులో దిగి, ఆటోలో కట్టు కట్టు చోటికి పోయితిమి. కాలు విఱిగినవారు, చేయి విఱిగినవారు, చెట్టుమీదనుండి పడిన బాలురు, మోటారుసైకిలుమీదనుండి పడిన యువకులు బల్లలమీద వరుసగా కూర్చుండియుండిరి. కొందఱు ఎక్సురే చిత్రములను చంకబెట్టుకొని వచ్చిరి. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపీలికలు – ఇవియే కట్టునకు సామగ్రి. విఱిగిన యెముక కదలకుండ నిలుపుటయే అందలి కీలకము. మా వంతు వచ్చినప్పుడు పెద్దాయన యొకరు వదినగారి ముంజేయి నెమ్మదిగా తడవి, మోచేతి బుడిపెమీద బొటనవ్రేలుంచి నొక్కగా ఆమె అమ్మా యని యఱచెను.

“అమ్మా, పడితివా?”

“లేదండి.”

“ఎముక విఱుగలేదు తల్లీ. విఱిగినదానికి కట్టు. విఱుగనిదానిని కట్టి యుంచిన కీలు బిగిసికొనిపోవును. నీవు పెద్దాసుపత్రిలో చూపించుకొనుము.”

అంత దూరము వచ్చి కట్టు లేకయే మరలవలసి వచ్చెనే యని వదినగారికి కొంత నిరాశ కలిగెను. మాకు మాత్రము ఆయనపై గౌరవము హెచ్చెను. తన విద్య దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో యెఱిగి చెప్పువాడే వైద్యుడు.

దారిలో నారాయణవనము దిగి కల్యాణ వేంకటేశ్వరస్వామిని సేవించితిమి. ఆకాశరాజు పుత్రికయగు పద్మావతీదేవికిని శ్రీనివాసునకును అచ్చటనే పరిణయము జరిగినదని స్థలపురాణము. ఆ పెండ్లిపనులకు వాడినదని చెప్పెడి తిరగలిని అచ్చట చూపుదురు. వదినగారు దాని చెంత నిలువబడి, “దేవుని పెండ్లికైనను పిండి విసరినవి ఆడుదాని చేతులే గదా! ఆ యమ్మలలో నెందఱకు మోచేయి నొచ్చెనో!” యని నవ్వెను. ప్రయాణములో ఆమె నవ్వుట అదియే మొదలు.

మఱునాడు తిరుపతిలో నొక యాసుపత్రికి పోయితిమి. వ్యాయామ చికిత్స చేయు చిన్న వయస్సు డాక్టరమ్మ వదినగారి చేయి చాపించి, అఱచేయి నేలవైపునకు త్రిప్పించి, పిడికిలి బిగించి మణికట్టును పైకెత్తుమనెను. తాను దానిని క్రిందికి నొక్కెను. నొప్పి సూటిగా మోచేతి వెలుపలి బుడిపెవద్ద పుట్టెను. “అమ్మగారూ, దీనిని టెన్నిస్ ఎల్బో అందురు” అని ఆమె చెప్పగా వదినగారు తెల్లబోయి, “నేను జన్మలో ఆ బంతి ముట్టుకొనలేదే!” యనెను.

డాక్టరమ్మ నవ్వి చెప్పిన దాని సారాంశమిది. 1873లో రుంగె యను జర్మను వైద్యుడు ఈ బాధను మొదట వర్ణించినప్పుడు దానిని వ్రాతపనికి సంబంధించినదిగా చెప్పెను. 1882లో హెన్రీ మోరిస్ అను ఆంగ్ల వైద్యుడు లాన్సెట్ పత్రికలో టెన్నిస్ ఆటగాండ్ర చేతినిగూర్చి వ్రాయుటచే ఆటపేరు దానికి అంటుకొనెను. మన సచిన్ తెందూల్కరునకు 2004లో ఈ నొప్పియే వచ్చి, 2005లో లండనులో శస్త్రచికిత్స జరిగెను. కాని ఈ నొప్పి గలవారిలో ఎక్కువమంది బ్యాటు పట్టినవారు కారు. బట్టలు పిండువారు, కత్తెర పట్టువారు, వడ్రంగులు, వంటవారు – మణికట్టును పైకి వంచి గట్టిగా పట్టుకొను పని యెవరిదైనను ఇది రావచ్చును. ముప్పదియైదు మొదలు ఏబదియైదేండ్ల లోపువారిలో నెక్కువగా కనబడును.

మణికట్టును పైకెత్తు కండరములు స్నాయువు అను గట్టి త్రాటిచేత మోచేతి బుడిపెకు అంటియుండును. మానక వాడుటచే ఆ త్రాటి పోగులు సన్నసన్నగా చెడి, సరిగా మరల అల్లుకొనకపోవును. ఇది ముఖ్యముగా వాపు కాదు, అరుగుదల. కావుననే వాపును తగ్గించు సూదిమందు మూలమును బాగుచేయజాలదు. 2006లో ఆస్ట్రేలియాలో 198 మందిపై జరిపిన పరిశోధన ప్రకటింపబడెను. అందు సూదిమందు వేయించుకొన్నవారు ఆఱు వారములకు అందఱికంటె సుఖముగా నుండిరి. కాని వారిలో బాగుపడిన పెక్కుమందికి నొప్పి తిరిగి వచ్చెను. ఏడాది గడచునప్పటికి వ్యాయామము చేసినవారికంటె వారే వెనుకబడిరి. వదినగారు మాటాడక మా వంక చూచెను. తన చేతికి జరిగినది అదియే గదా!

పిదప ఆమె వ్యాయామము నేర్పెను. బల్లమీద ముంజేయి పఱచి, అఱచేయి క్రిందివైపుగా, మణికట్టు బల్ల అంచు దాటి వ్రేలాడునట్లు కూర్చుండవలెను. అరలీటరు నీటిసీసాను పట్టుకొని, ఎడమచేతి సాయముతో మణికట్టును పైకెత్తి, కుడిచేతితో మాత్రమే అయిదు లెక్కించునంత మెల్లగా దింపవలెను. ఇట్లు పదిసార్లు, కొంచెమాగి మరల పది, మరల పది. కొద్ది నొప్పి యున్నను చేయవచ్చును. మఱునాటికి నొప్పి హెచ్చిన బరువు తగ్గింపవలెను. ఫలము కనబడుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. పని చేయునప్పుడు మోచేతికి కొంచెము దిగువను పట్టీ బిగించుకొన్న కొందఱికి హాయిగా నుండును. చాలమందికి ఏడాదిలోపల దానంతటదియే తగ్గును. శస్త్రచికిత్స అరుదుగా గాని అవసరపడదు.

సోదరీమణులారా, ఇంటిపనిలో పాటింపదగినవి కొన్ని వ్రాయుచున్నాము. బరువైన గిన్నెను అఱచేయి పైకుండునట్లు, రెండుచేతులతో, ఒంటికి దగ్గఱగా ఎత్తవలెను. తడిబట్టను మెలిపెట్టి పిండక, కుళాయికి చుట్టి లాగవచ్చును. లేదా నీరోడునట్లు దండెముమీద వేయవచ్చును. సన్నని పిడి గల గరిటెకు, కత్తికి గుడ్డ చుట్టి లావుచేసిన పట్టు తేలికయగును. అయితే కీలు వాచి యెఱ్ఱనై జ్వరము వచ్చినను, వ్రేళ్లు తిమ్మిరెక్కినను, మెడనుండి నొప్పి దిగినను, పడిన తరువాత నొప్పి పుట్టినను, ఇంటివద్ద కాలము గడపక వెంటనే వైద్యునకు చూపవలెను.

ఇల్లు చేరిన పిదప నెల దినములు వదినగారికి మార్పేమియు తెలియలేదు. ఒకనాడు సీసాను విసిరివేసి, “ఈ నీళ్లసీసాయా నా చేతిని బాగుచేయునది!” యని విసిగికొనెను కూడ. పిల్ల మాత్రము రాత్రి చదువునకు కూర్చుండుటకు ముందు తల్లి యెదుట కూర్చుండి అయిదువఱకు లెక్కపెట్టుట మానలేదు. రవికల పని సగము తగ్గించుకొని, ఆ లోటును మేము తలా కొంచెము సర్దితిమి. మూడవ నెలలో ఆమె తలుపు గడియను తానే తీసెను. నాలుగవ నెలలో పట్టురవిక యొకటి కత్తిరించెను. ఇప్పటికిని పని యెక్కువైననాడు కొంచెము నొచ్చును. అప్పుడామె మిషను నాపి సీసాను చేతబట్టుకొనును.

పుత్తూరునుండి కట్టు లేక వచ్చితిమే యని యిరుగుపొరుగువారు జాలిపడుచున్నారు. “కట్టు లేదు గాని, ఎముకా నరమా యని యడిగిన ముసలమ్మకు ఉత్తరము దొరకినది” అని వదినగారు వారితో చెప్పుచున్నది. చేతులున్నంతకాలము మనయిండ్లలో వానికి పని తప్పదు. గిన్నె జాఱిననాడు గిన్నెను తిట్టక, ఆ చేతిని ఒక్కమాఱు అడిగి చూడుడు.