పాత లేతు, కొత్త రంగు

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు. ఈ మాట బయటికి చెప్పుకుని చాలా ఏళ్ళయింది లెండి, ఎందుకంటే ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నేను ముట్టుకున్న యంత్రం లాప్‌టాప్ ఒక్కటే. కాలేజీలో లేతు మీద చేసిందల్లా ఓ ఫేసింగు, ఓ స్టెప్ టర్నింగు, కాస్త నర్లింగు. అందులోనూ సగం ల్యాబ్ అసిస్టెంటు గారే చేసిపెట్టారు. రికార్డు మాత్రం శ్రద్ధగా నేనే రాసుకున్నాను.

అలాంటి నన్ను పట్టుకుని మా చిన్న మావయ్య ఓ లేతు చూసిపెట్టమన్నాడు. ఆయన ఐటీఐ టర్నరు. విజయవాడ ఆటోనగర్లో ఒకళ్ళ షాపులో 22 ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు సొంతంగా షెడ్డు పెట్టుకుంటున్నాడు. చీటీ పాడిన డబ్బులు, అత్తయ్య గొలుసు తాకట్టు పెట్టగా వచ్చినవి, నేనిస్తానన్న లక్ష... ఇదీ పెట్టుబడి. కొత్త మెషీను మాటే లేదు. "హైదరాబాదులోనే ఉన్నావుగా, బాలానగర్ వైపు సెకండ్ హ్యాండువి ఏమన్నా తగుల్తాయేమో చూడరా అల్లుడూ. ఆరడుగుల బెడ్డు చాలు" అన్నాడు.

శనివారం పోయి చూశాను. ఒకచోట బ్రహ్మాండమైన లేతు కనిపించింది. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, అద్దంలా మెరిసే చక్కు. స్విచ్చు వేస్తే పెద్దగా చప్పుడు కూడా లేదు. మనం ఇంజినీరు కదా, క్రాస్ స్లైడు హ్యాండిలు పట్టుకుని తిప్పాను. పావు చుట్టు ఉత్తినే తిరిగి, అప్పుడు గానీ స్లైడు కదల్లేదు. దొరికింది లోపం! దాన్ని చూపించి 2,85,000 చెప్పినదాన్ని 2,70,000కి దించాను. రేపు ఇంకో పార్టీ వస్తోందన్నాడు ఓనరు. అక్కడికక్కడే ఫోన్లోంచి 10,000 అడ్వాన్సు పంపేశాను. ఈ సంగతి మావయ్యకి చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే మావయ్య సంచీతో దిగాడు. అందులో డయల్ గేజి, మైక్రోమీటరు, ఓ మైల్డ్ స్టీలు రాడ్డు, కిరసనాయిలు సీసా, పాత గుడ్డలు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న "రంగెప్పుడేశారు?" అని. ఓనరు నవ్వేశాడు. మావయ్య నవ్వలేదు. గుడ్డ కిరసనాయిల్లో ముంచి చక్కు దగ్గర బెడ్డు శుభ్రంగా తుడిచి, బొటనవేలి గోరుతో అడ్డంగా గీసుకుంటూ పోయాడు. "ఇక్కడ చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టాను. శాడిల్ నడిచే దారికీ, దాని పక్కన ఎప్పుడూ ఏదీ తగలని అంచుకీ మధ్య చిన్న మెట్టు గోటికి తగిలింది. అదే టెయిల్ స్టాకు చివర గీస్తే నున్నగా పోయింది. ఎక్కువ పనులు పొట్టివే కాబట్టి శాడిల్ జీవితమంతా చక్కు దగ్గర అడుగు మేరలోనే ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, ఇనప పొడి మీద రుద్దుకుంటూ. అరుగుదలంతా అక్కడే.

నేను కనిపెట్టిన క్రాస్ స్లైడు లోపాన్ని ఆయన పట్టించుకోలేదు. "నట్టు అరిగింది. గన్‌మెటల్‌ది నేనే చేసుకుంటా, ఒక పూట పని" అన్నాడు. నా 15,000 బేరం అక్కడ తేలిపోయింది.

స్పిండిలు లోపల డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పితే ముల్లు ఒక గీత దాటలేదు. చక్కు కింద కర్ర పెట్టి ఎత్తినా పెద్దగా కదల్లేదు. అరగంట ఫుల్ స్పీడులో తిప్పి బేరింగు మీద చెయ్యి పెట్టి చూశాడు, గోరువెచ్చన. గేర్ల పళ్ళు కూడా బాగానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

తరవాత రాడ్డు బిగించి, టెయిల్ స్టాకు ఆసరా లేకుండా, 200 మిల్లీమీటర్ల ఎడంలో రెండు చోట్ల ఒకే కోత సన్నగా తీశాడు. మైక్రోమీటరు పెడితే రెండిటికీ 0.07 తేడా. "లెవెల్ చెయ్యలేదు సార్, నేల మీద ఊరికే పెట్టాం" అన్నాడు ఓనరు. అది అబద్ధమేం కాదు. బెడ్డు మెలి పడి కూర్చుంటే మంచి లేతైనా అలాగే వాలుగా చెక్కుతుంది. (మెట్రాలజీలో ఈ అలైన్‌మెంట్ పరీక్షలు మాకు ఓ పాఠం. ష్లెసింగర్ అనే జర్మన్ ప్రొఫెసరు 1927లో పుస్తకంగా వేసిన పద్ధతుల నుంచి వచ్చాయవి. బట్టీ పట్టి రాసొచ్చాను.)

అందుకే మావయ్య ఆ లెక్క పక్కన పెట్టి, శాడిల్‌ని చక్కు దగ్గరికి తెచ్చి దాని లాకు కొద్దిగా బిగించాడు, హ్యాండిలు కాస్త బరువుగా తిరిగేలా. అలాగే టెయిల్ స్టాకు వైపు తిప్పుకుంటూ వెళ్ళమన్నాడు నన్ను. సగం దూరం వెళ్ళేసరికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి. ముప్పావు దగ్గర ఆగిపోయింది. దీనికి ఓనరు ఏమీ అనలేదు.

"బెడ్డు గ్రైండింగు చేయిస్తే సరిపోదా మావయ్యా?" అన్నాను, నా 10,000 గుర్తొచ్చి.

"బెడ్డు తగ్గితే శాడిల్ కిందకి దిగుద్ది. లీడ్ స్క్రూ ఎక్కడున్నది అక్కడే ఉంటది. మళ్ళీ దాన్ని కలపాలి, శాడిల్ అడుగు స్క్రేపింగు చెయ్యాలి, లారీకి పోనూ రానూ... బుష్షులూ పిన్నులే అయితే కళ్ళు మూసుకుని తీసుకునేవాణ్ణిరా. నాకొచ్చేవి పంపు షాఫ్టులు. పొడుగు పని."

డెమోలో స్క్రీన్లన్నీ తళతళలాడి, లోపల డేటాబేసు కుళ్ళిపోయిన ప్రాజెక్టులు మన ఫీల్డులో కొత్తా? అయినా పడ్డాను.

సాయంత్రం ఎంజీబీఎస్‌లో బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. టీ తాగుతూ అడిగాడు, "తొందరపడి అడ్వాన్సు గట్రా ఏమీ ఇవ్వలేదు కదా?"

"లేదు మావయ్యా" అన్నాను.

మర్నాడు ఓనరుకి ఫోన్ చేస్తే డబ్బు వెనక్కివ్వడం కుదరదన్నాడు. వచ్చే నెల ఇంకో లేతు వస్తోందట, అది తీసుకుంటే అందులో సర్దుతాడట. మావయ్య తన డయల్ గేజి నా దగ్గరే వదిలి వెళ్ళాడు, ఈసారి ముందు నన్నే చూసి రమ్మని.