ఆ రాత్రికి ముందు పదిహేనేండ్లు

పటేల్‌గూడలో కొత్త విల్లాల వరస దాటి పాత ఊళ్లోకి వెళితే మా బాబాయి ఇల్లు. ముందుగదిలో మంచం కింద నల్ల ట్రంకుపెట్టె, దాని మూత మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు. హవల్దారుగా రిటైరయ్యాక ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడు. కల్నల్ సంతోష్‌బాబు మీద రాయమని ఎడిటర్ అడిగినప్పుడు ముందు ఈయన దగ్గరికే వెళ్లాను. "సూర్యాపేట పోదాం పా. ఆడ నిలబడి మాట్లాడుకుందాం" అన్నాడు.

పటాన్‌చెరు మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారే హైదరాబాద్ దాటి సూర్యాపేటకూ పోతుంది. అక్కడి చౌరస్తాలో కల్నల్ కాంస్య విగ్రహం ఉంది. తొలి వర్ధంతి నాడు, 2021 జూన్ 15న, అప్పటి మంత్రి కేటీఆర్ ఆవిష్కరించారు. దాని ముందుకు రాగానే బాబాయి మడమలు కలిపాడు. చేతులు తొడలకు ఆనించి, పిడికిళ్లు బిగించి, గడ్డం కొంచెం పైకెత్తి సావధాన్‌లో నిలబడ్డాడు. సెల్యూట్ మాత్రం కొట్టలేదు. తల మీద టోపీ లేకుండా కొట్టకూడదట. ఉద్యోగం వదిలి ఏళ్లయినా ఆ నియమం ఒంట్లోంచి పోలేదు. పక్కన హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"అందరు ఆ రాత్రి గురించే మాట్లాడ్తరు" అన్నాడు కాసేపటికి. "అంతకుముందు పదిహేనేండ్లు ఆయన ఏం జేసిండు, ఎన్ని పండుగలు ఇంట్ల జేసుకున్నడు? అది ఎవలు అడ్గరు."

న్యాయమైన ఫిర్యాదు. ఆ రాత్రి సంగతి దేశమంతటికీ తెలుసు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 16 బిహార్ పటాలం కమాండింగ్ ఆఫీసర్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో ఒప్పందం ఉంది కాబట్టి ఆ రాత్రి తుపాకులు పేలలేదు. రాళ్లు, మేకులు దిగిన కర్రలు, ఇనుప కడ్డీలతోనే పోరు జరిగింది. చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు చనిపోవడం 1975 తర్వాత అదే మొదలు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది.

అంతకుముందు కథ చదువుకు విజయనగరం వెళ్లిన ఒక సూర్యాపేట పిల్లవాడిది. తండ్రి బిక్కుమళ్ల ఉపేందర్ బ్యాంకు ఉద్యోగి. సైన్యంలో చేరాలన్న కోరిక ముందు ఆయనకే ఉండేది. అది తీరక, కొడుకును ఆ దారిలో పెట్టారు. 1993లో ఆరో తరగతికి కోరుకొండ సైనిక్ స్కూల్లో చేర్చారు. విజయనగరం రాజుల భవనంలో 1962లో మొదలైన బడి అది. అక్కడి నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ, డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ, 2004 డిసెంబరులో 16 బిహార్‌లో కొలువు. అంటే పదేళ్లు దాటగానే ఇల్లు విడిచిన పిల్లవాడు మళ్లీ ఇంట్లో స్థిరంగా ఉన్నది లేదు. తల్లి మంజులకు కొడుకంటే సెలవుల్లో వచ్చి వెళ్లేవాడే.

ఫౌజీలు తమ ఉద్యోగాన్ని రెండు మాటల్లో చెబుతారు: ఫీల్డ్, పీస్. పీస్ పోస్టింగైతే క్వార్టర్ దొరికితే భార్యాపిల్లల్ని తీసుకుపోవచ్చు. ఫీల్డ్ వస్తే వాళ్లు ఒకచోట, తను ఒకచోట. వార్షిక సెలవు 60 రోజులు. అందులోనే పెళ్లిళ్లు, బాకీలు, అమ్మానాన్నల ఆస్పత్రులు, పిల్లల బడి. సంతోష్‌బాబు లద్దాఖ్‌లో ఉన్నప్పుడు భార్య సంతోషి, కూతురు, కొడుకు ఢిల్లీలో ఉన్నారు. హైదరాబాద్‌కు బదిలీ వస్తుందని ఇంట్లో ఎదురుచూస్తున్నారు. జూన్ 14 రాత్రి తల్లి ఫోన్లో సరిహద్దు గొడవల గురించి అడిగితే, అవి తనను అడగొద్దని, తను చెప్పకూడదని అన్నారట. కొడుకు దేశానికి ప్రాణమిచ్చినందుకు గర్వంగా ఉందని, తల్లిగా దుఃఖం ఆగడం లేదని మరణవార్త వచ్చాక ఆమె విలేకరులతో అన్నారు. ఆ రెండో మాటని మనం త్వరగా దాటేశాం.

ఊరు మాత్రం ఆయన్ని బాగా సాగనంపింది. కరోనా భయంలోనూ జనం వీధుల్లో నిలబడ్డారు. కాసరాబాద్‌లోని సొంత పొలంలో జూన్ 18న అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం రూ.5 కోట్లు, ఇంటిస్థలం ఇచ్చింది. సంతోషికి డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. 2021 నవంబరులో అత్తాకోడళ్లిద్దరూ రాష్ట్రపతి చేతుల మీదుగా పతకం అందుకున్నారు. పరమవీర చక్ర వస్తుందనుకున్నామని, పూర్తి తృప్తి లేదని ఉపేందర్ అంతకుముందే దాచకుండా చెప్పారు. అలా చెప్పే హక్కు ఆయనకు కాక ఎవరికి ఉంది?

నా బాధ బతికున్నవాళ్ల గురించి. పదిహేడేళ్లు సియాచిన్, రాజౌరీ తిరిగి వచ్చిన హవల్దారుకు మన పారిశ్రామికవాడలో ఎదురుచూస్తున్నది గేటు పక్కన కుర్చీ. మందుపాతర తీయడం తెలిసిన మనిషి లారీ నంబర్లు రాసుకుంటాడు, పన్నెండు గంటల డ్యూటీ. ఎద్దుమైలారంలో సైన్యానికి శరత్ యుద్ధవాహనాలు చేసే జిల్లా మనది. ఆ వాహనాల్లో తిరిగిన జవాన్లకు మాత్రం ఇక్కడ అంతకన్నా మంచి పని చూపించలేకపోతున్నాం.

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఇంకో పంచాయితీ నడుస్తోంది. బాబాయి మనవడు సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్ష రాస్తానంటున్నాడు. వాడి తల్లి ఒప్పుకోవడం లేదు. తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు భాగస్వామ్యం లేని పాత పద్ధతి సైనిక్ స్కూళ్లు కోరుకొండ, కలికిరి రెండూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. వరంగల్‌కు ఒకటి వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. "పోరడు ఫౌజుల చేరితె ఎట్లాగు దూరమే ఉంటడు" అంది ఆమె మామతో, గొంతు పెంచి. "గీ చదువుకునే ఏడేండ్లన్న దగ్గర ఉండొద్దా? వరంగల్‌ల బడి ఉంటె నెలకోపాలి పోయి చూసొద్దుము గద!"

బాబాయి దగ్గర దానికి జవాబు లేదు.