గోడ పగలగొట్టిన వారం

మా వారికి రక్తక్యాన్సర్. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. రెండో విడత కీమో అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాం. అదే వారం కింది ఫ్లాటు వాళ్లు వచ్చి, తమ సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయని చెప్పారు. ప్లంబర్ చూశాడు. మా బాత్రూమ్ గోడలో పైపు పగిలిందని, టైల్స్ తీసి గోడ పగలగొట్టక తప్పదని తేల్చాడు. మాది కేపీహెచ్‌బీలో పాత అపార్ట్‌మెంట్. ఆ గోడ అడుగంతా చెమ్మ. సింకు కింద ప్లాస్టర్ ఉబ్బి నల్లమచ్చలు కట్టి ఉంది.

నా భయమంతా ఆ మచ్చలే. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తల్లో ఇంటి మరమ్మతులు కూడా ఉన్నాయి. చెమ్మ పట్టిన గోడను పగలగొడితే ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ బీజాలు గాలిలోకి లేస్తాయి. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, ఆ బీజం రెండు మూడు మైక్రాన్లే. మనమంతా వాటిని రోజూ పీలుస్తూనే ఉంటాం. ఒంట్లోని తెల్లకణాలు చూసుకుంటాయి. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 లోపుకి పడిపోయిన మనిషికి ఆ కాపలా ఉండదు. ఊపిరితిత్తుల్లో ఫంగస్ పాతుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఫోన్ చేస్తే ఆమె ఒకటే చెప్పారు. "పగలగొట్టే రోజుల్లో ఆయన ఆ ఇంట్లో ఉండకూడదమ్మా."

ఎక్కడికి వెళ్తాం? ఆడపడుచు ఇంట్లో పిల్లలకు జలుబు. హోటల్‌కు మా దగ్గర డబ్బు లేదు. కింది వాళ్లు పసిపిల్ల పడుకునే గదిలో బకెట్ పెట్టుకున్నారు, ఇంకా ఆగమని ఏ మొహంతో అడగను? పై అంతస్తు అక్కను అడుగుదామని మెట్లెక్కి, తలుపు కొట్టకుండానే దిగి వచ్చేశాను. అప్పటికే వాళ్లింటి నుంచి చాలా పూటలు అన్నం వచ్చింది. ఇంకా ఏమని అడగడం అని సిగ్గు. రాత్రి మళ్లీ వెళ్లాను. అక్క నన్ను మాట పూర్తి చేయనివ్వలేదు. తన పూజగది పక్క గది ఖాళీ చేసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఆరేసింది.

ఆయన ఉండే చోటు కుదిరింది. కానీ తిరిగి రావాల్సింది ఈ ఇంటికే. దుమ్ము బాత్రూమ్ దాటిందంటే పరుపుల్లోకి, బీరువాలోకి, ఏసీలోకి చేరుతుంది.

సోమవారం కాంట్రాక్టరు పాత దుప్పట్లు, అట్టపెట్టెలు తెచ్చాడు. నేల మీద గీతలు పడకుండా అవి పనికొస్తాయి. మార్బుల్ ఉన్న ఇళ్లలో ప్లాస్టిక్ పరిచి దాని మీద పీఓపీ పోస్తారు. అదీ రాయి కోసమే. పని అయ్యాక దాన్ని పగలగొట్టి తీస్తే మళ్లీ ఇల్లంతా పొడి. గుడ్డ సన్న దుమ్మును ఆపదు. పట్టుకున్న కాస్తా దులిపినప్పుడు లేస్తుంది. అట్ట తడిస్తే దానికే బూజు పడుతుంది. నేలను కాపాడే వాటితో మనిషి ఊపిరిని కాపాడలేం. ఇది చెప్తే కాంట్రాక్టరు "ఇంత అవసరమా మేడమ్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. టైల్స్ మేస్త్రీ గుమ్మం దగ్గరికి వచ్చి, "అమ్మా, మా తమ్ముడికి టీబీ వచ్చి తగ్గింది. దుమ్ము సంగతి నాకు తెలుసు. ఏం కావాలో చెప్పండి, కడదాం" అన్నాడు.

ఆ సాయంత్రం అతనే నాతో హార్డ్‌వేర్ షాపుకి వచ్చాడు. పాలిథీన్ 400 గేజ్ తీసుకున్నాం. అంటే దాదాపు 100 మైక్రాన్ల మందం. అంతకంటే పల్చనిది మలబా, అంటే పగలగొట్టిన చెత్త, నింపిన సంచి తగిలితేనే చిరుగుతుందన్నాడు. టేపు ఒక్కటే అంటిస్తే డిస్టెంపర్‌తో సహా ఊడి వస్తుంది. అందుకని తలుపు ఫ్రేముకి చెక్క బద్దలు కొట్టి, షీటును వాటి కింద బిగించాడు. మనిషి వెళ్లడానికి రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి బాగా కప్పేలా వేలాడదీశాడు. నేల మీద పాలిథీన్ ఒక్కటే ఉంటే తడికి కాలు జారుతుంది. దాని పైన ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీట్లు పరిచి, అతుకులకు టేపు వేశాం. ఏసీ ఆపి చుట్టేశాం. బీరువా తలుపుల సందులు మూశాం. బాత్రూమ్ కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని బయటికి తోసేలా పెట్టాం.

మంగళవారం పొద్దున ఆయన్ను మాస్కు పెట్టి పైకి పంపాను. గోడ మీద నీళ్లు చల్లి పని మొదలుపెట్టారు. ఫ్యాన్ తిరుగుతున్నంత సేపు షీటు లోపలికి పీల్చిన పొట్టలా బాత్రూమ్ వైపు వంగి ఉంది. గాలి ఇంట్లోంచి అటు పోతోంది, అటు నుంచి ఇటు రావడం లేదు. అది చూస్తూ గదిలోనే కూర్చున్నాను.

మధ్యాహ్నం కరెంటు పోయింది. షీటు వదులై నిటారుగా వేలాడింది. కింది మూలన టేపు లేచింది. ఎండ పడుతున్న చోట దుమ్ము సన్నగా ఇంట్లోకి రావడం కనిపించింది. ఆపండి అని అరిచాను. టేపు చుట్టలో కొస దొరకలేదు, చేతులు వణికాయి. మేస్త్రీ సుత్తి కింద పెట్టి, తడి టవల్ ఆ మూలకు కుక్కాడు. కరెంటు వచ్చేదాకా ఎవరినీ దెబ్బ కొట్టనివ్వలేదు. కూలి పోతున్నా కూర్చున్నారు.

బుధవారం కూడా అదే పని. మలబాను తడిపి, లోపలే సంచుల్లో మూతి కట్టి బయటికి తెచ్చారు. టైల్స్ కటింగ్ టెర్రస్ మీద చేశారు. చివర్లో షీట్ల మీద నీళ్లు చిలకరించి, దుమ్ము పట్టిన వైపు లోపలికి మడిచి చుట్టేశాం. చీపురు పట్టలేదు. తడిగుడ్డతోనే తుడిచాం. గాలిలో మిగిలింది దిగుతుందని మర్నాడు మళ్లీ తుడిచాం.

అక్క ఇంటి నుంచి తిరిగి మా ఇంటికి వచ్చిన మూడో రాత్రి ఆయనకు జ్వరం వచ్చింది. 100.4 దాటితే ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. థర్మామీటర్ 101 చూపించింది. అర్ధరాత్రి అక్క వాళ్లబ్బాయి కారు తీశాడు. దారంతా నా కళ్లముందు ఆ లేచిన టేపే. వెళ్లగానే యాంటీబయాటిక్ ఎక్కించారు. పొద్దున ఛాతీకి సీటీ తీశారు. ఫంగస్ జాడ లేదు. తర్వాత వచ్చిన కల్చర్‌లో బ్యాక్టీరియా తేలింది, మందులు ఎక్కించడానికి చేతికి పెట్టిన పిక్ లైన్ నుంచి వచ్చిందన్నారు. ఇంటి దుమ్ము వల్ల కాదు కదా అని డాక్టరమ్మను మళ్లీ మళ్లీ అడిగాను. విసుక్కోకుండా ప్రతిసారీ కాదని చెప్పారు. ఇప్పటికీ వీధిలో డ్రిల్లింగ్ వినిపిస్తే ముందు కిటికీలు మూస్తాను.

మీ ఇంట్లో కీమో నడుస్తున్నవారు గానీ, అవయవ మార్పిడి అయినవారు గానీ ఉంటే, గోడ మీద దెబ్బ పడకముందే ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఆ మనిషికి వేరే చోటు చూడండి, అందుకు ఎవరినైనా అడగండి. మేస్త్రీకి జబ్బు సంగతి దాచకండి. పనివాళ్లకూ ఎన్95 మాస్కులు కొనివ్వండి. టైల్స్ కోసే దుమ్ములోని సిలికా వాళ్ల ఊపిరితిత్తుల్ని కూడా దెబ్బతీస్తుంది.