పడినవాళ్ళను లేపితే సరిపోదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. కథలు, కవితలు నాకు చేతకావు. నేను చదివింది ఫిజియోథెరపీ, ఇప్పుడు అందులోనే పీజీ చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. ఆ చదువు చిల్లకూరులోని మా ఇంటికి ఎలా పనికొచ్చిందో నాలుగు మాటలు రాస్తాను.

పోయిన ఏడాది మా అవ్వ దొడ్లో కాలు జారి పడింది. ఎముక విరగలేదు, గండం గడిచిందనుకున్నాం. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. నలభై ఏళ్ళు మళ్ళలో నాట్లు వేసిన మనిషి రాత్రిపూట బయటికి పోవాలంటే అమ్మను లేపాల్సి వచ్చింది. అది నామోషీగా తోచి సాయంత్రం నుంచి నీళ్ళు తాగడమే మానేసింది. వచ్చినవాళ్ళంతా ప్రేమతోనే "కదలొద్దు, కూర్చో" అనేవారు.

కూర్చుంటే తొడల్లో, పిక్కల్లో బలం తగ్గుతుంది. బలం తగ్గితే తూలడం ఎక్కువవుతుంది, మళ్ళీ పడతారు. ఈ గొలుసును తెంచేది మందు కాదు, వ్యాయామం.

న్యూజిలాండులోని డునెడిన్ నగరంలో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 80 ఏళ్ళు దాటిన 233 మంది స్త్రీల మీద పరిశోధన చేసి 1997లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి ఇంటి దగ్గరే కాళ్ళ బలానికి, నిలకడకు వ్యాయామాలు నేర్పారు. ఏడాదిలో నేర్చుకోనివాళ్ళు 152 సార్లు పడితే, నేర్చుకున్నవాళ్ళు 88 సార్లే పడ్డారు.

మా అవ్వకు ముందు డాక్టరు చేత బీపీ, కళ్ళు, వాడే మాత్రలు చూపించాం. తర్వాత వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున మొదలుపెట్టాం. గోడకు ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలెత్తి నిలబడడం, పక్కకు అడుగులు వేయడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలవడం. మొదట రెండు చేతులతో గుంజ పట్టుకోవాలి, తర్వాత ఒక చేయి, ఆ తర్వాత వేళ్ళు మాత్రమే. పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలి. కాలికి కట్టే బరువు కొనలేదు. గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో పోయే మన ఇసుకనే అరకిలో గుడ్డసంచిలో పోసి కట్టాం. "ఈ వయసులో నాకు డ్రిల్లా?" అని అవ్వ నవ్వింది కానీ మానలేదు.

నాలుగు నెలలకు రాత్రిళ్ళు తనే లేచి వెళ్ళసాగింది. చేతికర్ర వదల్లేదు, వదలమని నేనూ అనలేదు. నీళ్ళు మాత్రం కడుపునిండా తాగుతోంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో చాలామంది ఇళ్ళలో మీదే మొదటి చదువు. దానికి మీరు ఫిజియోథెరపీయే చదవక్కర్లేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వనో, తాతనో ఒక్కమాట అడగండి: "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా?" వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. చెబితే మంచానికి కట్టేస్తామని వాళ్ళ భయం.