గేటు కుదిరిందా... పాఠం వచ్చినట్టే!

పుణెకు ఈశాన్యంగా అరవై, డెబ్బై కిలోమీటర్లు వెళ్తే పాబల్ వస్తుంది. వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న ఊరు. శిరూర్ తాలూకాలోని ఈ ఊరి పేరు చరిత్ర చదివినవాళ్లకు కొత్తకాదు. పీష్వా మొదటి బాజీరావు మనసుపడ్డ మస్తానీ సమాధి ఇక్కడే ఉంది. ఆ ఇద్దరూ 1740లోనే కన్నుమూశారు. వాళ్ల కథతో 2015లో సినిమా రావడంతో పాబల్ పేరు మరికొందరికి తెలిసింది.

సమాధి చూసి వెనక్కి తిరిగేవాళ్లు మరోటి చూడకుండానే వెళ్లిపోతుంటారు. బోర్లించిన గిన్నెల్లాంటి గుండ్రటి కట్టడాలు, వాటి మధ్య ఓ వర్క్‌షాపు. అక్కడ వెల్డింగు మెరుపులు, రంపాల చప్పుడు, చేతులకు గ్రీజు అంటిన కుర్రాళ్లు కనిపిస్తారు. ఇది గ్యారేజీ కాదు, బడి! పేరు విజ్ఞాన్ ఆశ్రమ్.

ఉద్యోగం వదిలి... ఊరికొచ్చి

దీన్ని మొదలుపెట్టింది డాక్టర్ శ్రీనాథ్ కల్‌బాగ్. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆహార సాంకేతిక శాస్త్రంలో డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త. ముంబయిలోని హిందుస్థాన్ లీవర్ పరిశోధన కేంద్రంలో పెద్ద ఉద్యోగం. యాభై దాటిన వయసులో అదంతా వదిలి, భార్య మీరాతో కలిసి పాబల్ వచ్చేశారు. పుణెలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అండతో 1983లో ఆశ్రమానికి శ్రీకారం చుట్టారు.

ఆయన ఆలోచన సూటిగానే ఉండేది. పిల్లవాడు నడక నేర్చింది పుస్తకం చదివి కాదు, పడి, లేచి నేర్చాడు. మాటా అంతే. మరి బడికి రాగానే చేతులు కట్టుకుని కూర్చోమనడం ఎందుకు? బడి మానేసినవాడు మొద్దబ్బాయని కాదు, వాడికి తగిన తీరులో బడి చెప్పలేదని అనుకోవాలి. అందుకే బడి మధ్యలో ఆపేసిన పిల్లలకూ ఇక్కడ తలుపులు తెరిచారు. ఏడాది పాటు ఇక్కడే ఉండి నాలుగు రకాల పనులు నేర్చుకోవాలి. ఇంజినీరింగు ఒకటి, కరెంటు-ఇంధనం ఇంకోటి, సాగు-పశువులు మూడోది, ఇల్లు-ఆరోగ్యం నాలుగోది. ఒక్క పనికే అతుక్కుపోతే పల్లెలో బతుకు సాగదు మరి!

అడ్డం, నిలువు, మూల

ఇక్కడ పాఠానికి ఓ కొలమానం ఉంది. తయారైన వస్తువును ఎవరో ఒకరు డబ్బిచ్చి కొనాలి. ఊరివాళ్లకు కావలసిన పనులే పిల్లల పాఠాలు.

ఉదాహరణకు ఓ ఇంటి గేటునే తీసుకుందాం. వెడల్పు మూడడుగులు, ఎత్తు నాలుగడుగులు. ఇనుప ముక్కలు కోసి, నాలుగు మూలలూ చకచకా అతికేస్తే ఏమవుతుంది? వెల్డింగు వేడికి ఇనుము గుంజుకుంటుంది, చట్రం వంకరపోతుంది. గోడకు బిగించాక తలుపు మూసుకోదు. ఇంటాయన ఊరుకుంటాడా!

అప్పుడు పిల్లాడికి అసలు కిటుకు అర్థమవుతుంది. ముందు మూలల్లో చిన్నచిన్న చుక్కలు మాత్రమే అతకాలి. ఆ తర్వాత టేపుతో ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు కొలవాలి. రెండూ సరిగ్గా ఐదడుగులొస్తే చట్రం కుదిరినట్టు. తేడా వస్తే సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిచేసి, మళ్లీ కొలవాలి. అంతా కుదిరాకే గట్టిగా అతకాలి.

మూడు, నాలుగు, ఐదు... తరగతిలో పైథాగరస్ సిద్ధాంతమంటే భయపడ్డ కుర్రాడు దాన్ని టేపుతో పట్టుకుంటాడు. ఇనుము ఎన్ని కిలోలు, రాడ్లు ఎన్ని, కూలి ఎంత, మిగిలిందెంత అని లెక్క రాసేటప్పుడు శాతాలూ వచ్చేస్తాయి.

ఇలాంటిచోట గురువు పని బోధించడం కన్నా కష్టం. పిల్లాడు తప్పు కోస్తున్నాడని తెలిసినా వాడి చేతిలోంచి రంపం లాక్కోకూడదు. కళ్లకు, చేతులకు దెబ్బ తగిలే తప్పయితే వెంటనే ఆపాలి. ఇనుము వృథా అయ్యే తప్పయితే ఓపిక పట్టాలి. 'ఎందుకిలా అయింది?' అని అడగాలి. జవాబు వాడి నోటినుంచే రావాలి.

గేటు నుంచి గుమ్మటం దాకా

చతురస్రాన్ని మూల పట్టుకుని నెడితే పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం మాత్రం ఒరగదు. గేటుకు అడ్డంగా ఏటవాలు పట్టీ వేసేది అందుకే. ఆ త్రిభుజాలనే వరసగా పేర్చుకుంటూ పోతే గుమ్మటమవుతుంది. ఆశ్రమంలో కనిపించే గుండ్రటి కట్టడాల రహస్యం అదే. 1993లో లాతూర్ ప్రాంతాన్ని భూకంపం కుదిపేశాక అక్కడా ఇలాంటి గుమ్మటాలు కట్టారు.

పాబల్‌లో నీటికి కటకట. అందుకే నేలలో నీటి జాడ వెతకడమూ ఇక్కడ పాఠమైంది. నేలలో వరసగా నాలుగు కడ్డీలు దిగేసి, బయటి రెండింటి గుండా కరెంటు పంపిస్తారు. లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. తడి ఉన్న పొర కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, ఎండు రాయి అడ్డుకుంటుంది. బావి తవ్వాలనుకునే రైతుకు ఆ లెక్కలే ఆసరా.

2002లో ఈ పల్లెకు మరో కొత్త చుట్టం వచ్చింది. అమెరికాలోని ఎంఐటీ ఆలోచనతో పుట్టిన ఫ్యాబ్ ల్యాబ్‌లలో, ఆ సంస్థ బయట ఏర్పడ్డ తొలివాటిలో ఒకటి పాబల్‌లోనే పెట్టారు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను యంత్రమే కోసి పెడుతుంది. ఎల్‌ఈడీ దీపాలు, కోడిగుడ్లు పొదిగే పెట్టెల్లాంటివి ఇలా తయారయ్యాయి. ఆ పెట్టెలో 21 రోజులపాటు దాదాపు 37.5 డిగ్రీల వేడి నిలవాలి. మరి కరెంటు పోతే? ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాడే ఇంజినీరు.

కల్‌బాగ్ 2003లో కన్నుమూశారు. చాలా సంస్థలు స్థాపకుడితోనే ముగిసిపోతాయి. ఇది ఆగలేదు. ఆయన తీరు బడులకూ పాకింది. వారానికో రోజు పిల్లలు పనిలో దిగే ఆ బడుల్లో ఊరి చేతిపనివాళ్లే గురువులవుతారు.

మన ఆలేరులో ఉండి ఉంటే...

పాబల్ కథ వింటే ఆలేరు మండలం శారాజీపేట గుర్తుకు రాకమానదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే తొమ్మిది వేలసార్లు చేయి తిప్పాలి. తల్లి పడే ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం యంత్రం చేయబూనారు. చదివింది ఆరో తరగతే. చేతిలో డబ్బు లేదు, చెప్పేవారూ లేరు. 1992లో మొదలుపెడితే పూర్తయింది 1999లో. పనిమీద బాలానగర్‌లోని ఓ కర్మాగారానికి వెళ్లినప్పుడు, అక్కడి యంత్రం కదలిక చూశాకే చివరి చిక్కుముడి వీడింది. తల్లి పేరుతో అది లక్ష్మీ ఆసుయంత్రమైంది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏడేళ్లలో పక్కన ఓ వర్క్‌షాపు, అడిగితే చెప్పే ఓ పెద్దమనిషి ఉండి ఉంటే? ఎన్నేళ్లు కలిసొచ్చేవో! మల్లేశం పట్టువదల్లేదు కాబట్టి లోకానికి తెలిశారు. మధ్యలో వదిలేసినవాళ్లు ఎందరో!

హైదరాబాద్‌లో 2023లో టీ-వర్క్స్ మొదలైంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మంచిదే. కానీ యంత్రాలు కొనడం తేలిక, పక్కన నిలబడి ఓపికపట్టే మనిషి దొరకడమే కష్టం. ప్రతి ఊళ్లో ఓ మోటారు మెకానిక్, ఓ వడ్రంగి, ఓ రిటైరైన ఇంజినీరు ఉంటారు. వాళ్లను బడికి పిలవడమే మిగిలింది. 'చదువు రాకపోతే మెకానిక్ షెడ్డుకు పంపుతా' అని పిల్లల్ని బెదిరించడం మానాల్సింది మాత్రం మనమే.

పాబల్‌లో పరీక్షకు ప్రశ్నపత్రం అక్కర్లేదు. గేటును ఒక్క వేలితో నెడితే చాలు. చప్పుడు లేకుండా తెరుచుకుందా... కుర్రాడు పాసైనట్టే!